మూడోసారి లంగరెత్తడం

మొన్నొక సాయంత్రం పక్క బోటు పెద్దాయన మా బోటెక్కారు. నేను ముందు డెక్ మీద చతికిలబడి విండ్లాస్ విప్పుతున్నాను, అంటే లంగరు గొలుసును మోటారుతో పైకి లాగే యంత్రం. గొలుసు చక్రం ఒక గుడ్డ మీద, ఆ చక్రాన్ని మోటారుతో కలిపి పట్టే క్లచ్ కోన్లు ఇంకో గుడ్డ మీద, మోచేతుల దాకా గ్రీజు. ఆయన కాసేపు నిలబడి చూశారు. "40 ఏళ్ల నుంచి చేత్తోనే లాగుతున్నానోయ్. ఈ తతంగమంతా పెట్టుకునే బదులు దేవుడిచ్చిన చేతులు వాడుకోరాదూ?" అన్నారు.

నవ్వి ఊరుకున్నాను. ఆయన తన డింగీలో తెడ్డేసుకుంటూ వెళ్లిపోయాక మాత్రం ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. అందులో సగం నిజమే. మిగతా సగం తప్పని నాకు గట్టిగా తెలుసు, ఎందుకు తప్పో మాత్రం అప్పటికప్పుడు నోటికి రాలేదు. ఇలాంటి జవాబులు నాకెప్పుడూ మనిషి వెళ్లిపోయాకే తడతాయి.

విండ్లాస్ ఎందుకూ అంటే అందరూ చెప్పే జవాబు నడుము. నడుము సంగతి అలా ఉంచండి. నా లెక్కలో దాని పని ఒక్కటే: వేసిన లంగరు మనసుకు నచ్చకపోతే ఎత్తి మళ్లీ వేసే ఓపిక మనకు మిగల్చడం. చేత్తో లాగేవాడికి ఒకసారి వేశాక మళ్లీ ఎత్తాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. "పట్టినట్టే ఉంది, ఈ పూటకు ఇలా కానీ" అనుకుంటాడు. విండ్లాస్ ఉన్నవాడు రెండోసారీ మూడోసారీ ఎత్తగలడు. ఎత్తాలి కూడా. అయితే ఆ విండ్లాస్ మీద నమ్మకం లేకపోతే వాడూ చేత్తో లాగేవాడితో సమానమే, పైగా బోటు ముక్కు మీద ఓ ఇనుప దిమ్మ అదనం. కాబట్టి దాన్ని బిగించేటప్పుడైనా, బాగు చేసుకునేటప్పుడైనా అడగాల్సింది "ఎన్ని కిలోలు లాగుతుంది?" అని కాదు. "అర్ధరాత్రి వానలో దీని బటన్ నొక్కడానికి నేను వెనకాడతానా?" అని.

ఆ సాయంత్రం ఆరింటికి

ఇది నాకెలా తెలిసిందో చెప్పాలి. ఈ బోటు పాతది కొన్నాను, విండ్లాస్ దానితోపాటే వచ్చింది. మొదటి ఏడాది దాని తీరు ఇలా ఉండేది: బటన్ నొక్కగానే ఒక మూలుగు, నాలుగైదు మీటర్ల గొలుసు పైకి, అక్కడితో నిశ్శబ్దం. కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే బ్రేకర్ పడిపోయేది. ఆ బ్రేకరేమో కింద, మెట్ల వెనకాల, పరుపు ఎత్తితే గానీ కనపడని పెట్టెలో ఉండేది. ఒకసారి లంగరెత్తాలంటే మూడుసార్లు కిందికి పరుగు. బోటులో ఉండేది మేమిద్దరమే, ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు ముక్కు దగ్గర. మరి పరుపెత్తేదెవరు? ఆ తగువు తెగేది కాదు.

ఆ రోజు 8 మీటర్ల లోతులో లంగరేసి 40 మీటర్ల గొలుసు వదిలాం. లోతుకు ఐదింతల గొలుసు, నిష్పత్తి లెక్కకు బాగానే ఉంది. ఇంజను రివర్స్‌లో వేసి లాగితే బోటు కాస్త జారి, ఆగింది. మళ్లీ లాగితే మళ్లీ కాస్త జారి ఆగింది. అడుగున గడ్డి ఉన్నట్టుంది. లంగరు మట్టిలో దిగకుండా గడ్డి దుబ్బుల్లో చిక్కుకుంటే ఇలాగే, ఆగినట్టే ఉంటుంది. ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. విండ్లాస్ కేసి చూశాం. "చాల్లే" అనుకున్నాం.

రాత్రి ఒంటిగంటకు గాలి దిశ మారి బలపడింది. గాలి వేగం రెట్టింపైతే అది బోటును నెట్టే బలం నాలుగింతలవుతుంది. గడ్డి దుబ్బు ఎంతసేపు ఆపుతుంది? నేను పైకొచ్చేసరికి ఒడ్డు మీద దీపం ఉండాల్సిన చోట లేదు, రాళ్ల మీద అల విరిగే చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. ఇంజను వేసి ముందుకు నడిపితే గొలుసు వదులైంది, విండ్లాస్ బటన్ నొక్కితే ఆరు మీటర్లు లాగి చచ్చింది. క్లచ్ వదిలించి గొలుసును ఊరికే తిరగనిద్దామంటే నట్టు కదలదు, ఎన్నాళ్ల నుంచో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చివరికి గొలుసును చక్రం మీంచి తప్పించి, చేతులతో లాగాను. గాలి దెబ్బకు బోటు పక్కకు కొట్టుకున్నప్పుడల్లా గొలుసు వెనక్కి జారేది. అరచేతుల తోలు ఊడింది. బోటుకేమీ కాలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే ముక్కు దగ్గర డెక్ మీదంతా గడ్డి, బురద, అక్కడక్కడా నా రక్తం.

ఆ తర్వాత చాలా రోజులు లంగరునీ గాలినీ తిట్టుకున్నాను. ఎంత ఆలోచించినా తప్పెక్కడ జరిగిందో లంగరందలేదు (ఈ మాట ఇక్కడ వాడకపోతే ఇంకెక్కడ వాడతాను!). తీరా తెలిసిందేమిటంటే తప్పు ఒంటిగంటకు జరగలేదు, సాయంత్రం ఆరింటికే, ఇద్దరం "చాల్లే" అనుకున్నప్పుడే జరిగిపోయింది. ఆ "చాల్లే" వెనక ఉన్నది బద్ధకమని మొదట సిగ్గుపడ్డాను. విప్పి చూస్తే దాని వెనక పచ్చగా చిలుము పట్టిన ఒక రాగి లగ్గు (కేబుల్ కొసను బిగించే తొడుగు), ఉండాల్సిన సైజులో సగమే ఉన్న ఒక కేబుల్ కనిపించాయి.

తీగ తినేసిన బలం

మోటారు చాలట్లేదు, పెద్దది కొనమని సలహా ఇచ్చినవాళ్లే ఎక్కువ. నేనూ కొనబోయి, ఎందుకో ముందు మీటరు పెట్టి చూశాను. ఆ పని ముందే చేసుంటే అరచేతులు మిగిలేవి.

లెక్క చిన్నదే. 12 వోల్టుల మీద 1000 వాట్ల మోటారంటే 83 ఆంపియర్లు. బరువు పడితే 100 దాటుతుంది. బ్యాటరీలు మధ్యలో, ఇంజను దగ్గర. విండ్లాస్ ముక్కు మీద. నడుమ 10 మీటర్లు, కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 20 మీటర్ల తీగ. నా బోటులో ఉన్నది 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్. దాని నిరోధం ఆ పొడవుకు 0.014 ఓములు. 100 ఆంపియర్లు పారితే 1.4 వోల్టులు దారిలోనే ఖర్చు. అంత బరువు మీద బ్యాటరీ దగ్గరే 12.2 ఉంటే మోటారుకు దక్కేది 10.8. ఇది కూడా లగ్గులన్నీ తళతళలాడుతుంటే. చిలుము పట్టిన నా లగ్గు దగ్గర ఇంకో అర వోల్టు పైగా పోతోంది. సరిపడా వోల్టేజీ లేని మోటారు నెమ్మదిస్తుంది, ఎక్కువసేపు బరువు మోస్తుంది, వేడెక్కుతుంది. కాస్త గట్టిగా తగలగానే తిరగడం ఆగిపోతుంది. ఆగిన మోటారు తీసుకునే కరెంటు చాలా ఎక్కువ, బ్రేకర్ పడిపోతుంది. పాపం బ్రేకర్ తన పని తను చేస్తోంది. దాన్నే పాడైందని మూడుసార్లు మార్చాడట నాకు ముందున్నాయన.

50 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే దారి ఖర్చు 0.7 వోల్టులకు దిగింది. ఇంజను నడుస్తుంటే దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వల్ల బ్యాటరీ దగ్గరే 13 పైన ఉంటుంది. పాత మోటారు, కొత్త తీగ. అదే గొలుసు, అదే లంగరు. మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఆ చప్పుడు విని మా ఇద్దరికీ నవ్వొచ్చింది. మూలుగు లేదు, గిరగిరా తిరిగింది.

మీ దగ్గర విండ్లాస్ బలహీనంగా ఉంటే నేను చెప్పేదొక్కటే. ఒకరు గొలుసు ఎత్తుతుండగా ఇంకొకరు మోటారు టెర్మినళ్ల మీద మీటరు పెట్టండి, అదే క్షణాన బ్యాటరీ మీద కూడా. తేడా ఎంతో చూడండి. తేడా ఎక్కువుంటే ఒక్కో జాయింటుకు అటూ ఇటూ మీటరు పెట్టుకుంటూ రండి. దొంగ దొరుకుతాడు. ఖాళీగా తిప్పి చూసి అంతా బాగానే ఉందనుకోవద్దు, బరువు లేనప్పుడు ఏ తీగైనా మంచిదే.

మరి కేబుల్ ఖర్చు, దాని బరువు? ఉన్నాయి. ముందు భాగంలోనే చిన్న బ్యాటరీ పెట్టుకుంటే సన్న తీగతో పోతుందిగా అనేవాళ్లున్నారు. అదీ ఓ దారే. కానీ ఆ బ్యాటరీని ఛార్జ్ చేసే ఏర్పాటు, గొలుసు పడే అర, అదే చైన్ లాకర్, పక్కన తడిలో దాని బతుకు, అదంతా ఇంకో సంసారం. నేను తీగకే ఓటేశాను. 24 వోల్టుల బోటున్నవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. అదే పనికి కరెంటు సగమే చాలు, తీగలో వృథా నాలుగో వంతుకు పడుతుంది.

బ్రేకర్ గురించి ఇంకొకమాట. అది కాపాడేది తీగను కాబట్టి బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. అలాగని పరుపు కింద దాచకూడదు. రెండేళ్ల కిందట ఓసారి పైకెత్తే బటన్ వదిలేశాక కూడా మోటారు ఆగలేదు. మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్, లోపలి రేకులు అతుక్కుపోయాయి. లంగరు వచ్చి ముక్కు కొసన గొలుసు జారే రోలర్‌కు కొట్టుకుని ఆగింది, మోటారు ఇంకా లాగుతూనే ఉంది, గొలుసు తీగలా బిగుసుకుని కిర్రుమంటోంది. అప్పటికి బ్రేకర్‌ను మెట్ల పక్కకు, చుక్కాని ఉండే కాక్‌పిట్ నుంచి చెయ్యి చాపితే అందేచోటికి మార్చేశాం కాబట్టి రెండు సెకన్లలో ఆపగలిగాం. పరుపు కిందే ఉంటే ఏమయ్యేదో ఊహించుకోను.

పైన పటారం

తీగ మార్చాక ఇక పనైపోయిందనుకున్నాను. కేబుల్ లాగుతూ లాకర్లోకి తల దూర్చినప్పుడు విండ్లాస్ కింద డెక్ అడుగుభాగాన గోధుమ రంగు చార కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది.

విండ్లాస్ దించాలి. నాలుగు బోల్టుల్లో మూడు వచ్చాయి. నాలుగోది అల్యూమినియం ఒంట్లో స్టీలు బోల్టు. ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాలూ కలిసి కాపురం చేస్తే పుట్టేది తెల్లటి పొడి, అది సిమెంటులా బిగుస్తుంది. వేడి చేసి, నూనె పోసి, తట్టి, బతిమాలి రెండు రోజులు. బయటికొచ్చాక ఆ బోల్టు చుట్టూ ఉన్న కన్నంలో స్క్రూడ్రైవర్ తిప్పితే తడిసిన రంపపు పొట్టు లాంటి నల్లటి ముద్ద రాలింది. అది ఒకప్పుడు బాల్సా కర్ర. పైనా కిందా ఫైబర్‌గ్లాసు పొరలు, నడుమ బాల్సా: డెక్ తేలిగ్గా, గట్టిగా ఉండటానికి అలా కడతారు. కన్నం వేసి, అంచు సీలు చేయకుండా బోల్టు దించితే ఆ కర్ర నీళ్లు తాగుతూనే ఉంటుంది. పైన మెరిసే స్టీలు, కింద కుళ్లు. పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి డెక్కులను చూసే పుట్టించారేమో.

విండ్లాస్ విషయంలో ఇది మరీ ఘోరం. అది లాగినప్పుడల్లా దాని పాదం ముందుకు వంగాలని చూస్తుంది. గట్టి ఆధారం లేకపోతే డెక్ వెంట్రుకవాసి కదులుతుంది. కదిలిన ప్రతిసారీ, నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ తెగుతుంది. తెగినచోట నీళ్లు దిగుతాయి. నీళ్లు దిగిన కర్ర మెత్తబడి ఇంకా కదులుతుంది. ఏ ఒక్క రోజూ ఏమీ జరిగినట్టు ఉండదు.

బాగు చేయడం కష్టం కాదు, విసుగు. కన్నం చుట్టూ కుళ్లిందంతా తవ్వి, మంచి కర్ర తగిలాక కూడా ఇంకో వేలెడు లోపలికి తవ్వి, పూర్తిగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలో మళ్లీ కన్నం వేయాలి. మోటారు ఇరుసు దిగే పెద్ద కన్నం అంచుకూ అదే వైద్యం. అప్పుడు బోల్టు బిగించినా నొక్కుడు పడేది రాయిలాంటి ఎపాక్సీ మీద, కర్ర మీద కాదు. కింద పెద్ద పలక వేశాను, 10 మిల్లీమీటర్ల అల్యూమినియం. బలం నాలుగు బోల్టుల మీద కాకుండా చదరపు అడుగు మీద పరుచుకోవాలని. బోల్టుకూ విండ్లాస్ ఒంటికీ మధ్య తుప్పు పట్టనివ్వని పేస్టు దండిగా పూశాను.

సీలెంట్ దగ్గర నాకు చాలామందితో పేచీ. గట్టిగా అతుక్కునే పాలీయురేథేన్ వేయమంటారు, జన్మలో కదలదంటారు. జన్మలో కదలకపోవడమే నా భయం. విండ్లాస్ ఏదో ఒక రోజు ఊడదీయాల్సిందే. లోపలి సీలు పోతుంది, మోటారు తీయాలి, చక్రం అరుగుతుంది. డెక్ పొర ఊడొచ్చేలా అతికించుకుని ఏం సుఖం? నేను ఎప్పటికీ గట్టిపడని జిగురు రబ్బరు, బ్యుటైల్ టేపు వేశాను. రెండేళ్లకోసారి బోల్టులు ఇంకాస్త బిగించుకోవాల్సి రావచ్చు, పర్లేదు. ఊడదీయడం తేలికని తెలిస్తేనే మనిషి ఊడదీస్తాడు.

గొలుసు పడే చోటు

మోటారు గురించి గంటలు మాట్లాడేవాళ్లు కూడా గొలుసు ఎక్కడికి పోతుందో అడగరు. లాకర్లో అది నీళ్లలా పరుచుకోదు, ధాన్యం రాశిలా కుప్పగా పేరుకుంటుంది. కుప్ప కొన ఎదిగి, గొలుసు దిగే డెక్ గొట్టానికి తగిలిందంటే ఆ పైన వచ్చే గొలుసుకు చోటుండదు, చక్రం కింద చుట్టుకుని ఇరుక్కుంటుంది. పూర్తిగా ఎత్తాక కూడా కుప్ప కొనకూ గొట్టం మూతికీ మధ్య కనీసం 300 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నా బోటులో ఉన్నది బెత్తెడు. అందుకే చివరి పది మీటర్లకు ఒకరు లోపల పడుకుని కర్రతో కుప్పను తట్టాల్సి వచ్చేది. తట్టేవాళ్ల మూతి కూడా మళ్లీ ఎత్తాలనే ఉత్సాహాన్ని చంపేస్తుంది, ఒట్టు. లాకర్ అడుగున పాత యజమాని బిగించిన చెక్క అరను పీకేశాక కుప్ప కిందికి దిగింది, చోటు దొరికింది. అంత తేలిగ్గా ఎందుకు తేలిందో, అన్నేళ్లు ఎందుకు తేలలేదో!

గొలుసుకూ చక్రానికీ జోడీ కుదరడం ఇంకో సంగతి. విండ్లాస్ వాడకంలో ఆ గొలుసు చక్రాన్ని జిప్సీ అంటారు, దాని గుంటల్లో ఒక్కో లంకె కూర్చోవాలి. 10 మిల్లీమీటర్ల గొలుసుల్లోనే రెండు ప్రమాణాలున్నాయి: డీఐఎన్ 766 రకానికి లంకె లోపలి పొడవు 28 మిల్లీమీటర్లు, ఐఎస్ఓ 4565 రకానికి 30. పక్కపక్కన పెట్టినా కంటికి ఒకటే. చక్రానికి తెలుస్తుంది. ఒక లంకెకు 2 మిల్లీమీటర్ల తేడా నాలుగైదు లంకెలయ్యేసరికి గుంట అంచు మీదికెక్కుతుంది, బరువు పడగానే టక్కున జారుతుంది. 8 మిల్లీమీటర్లలో రెండు రకాలకూ 24 కాబట్టి ఆ గొడవ లేదు. గొలుసు కొనేముందు జిప్సీ మీద ఏం అచ్చేసి ఉందో చూడాలి. వెర్నియర్‌తో కొలవాలి. "అన్నీ పదే కదండీ" అనే మాట నేను ఒకసారి నమ్మాను.

గొలుసు రెండో కొసను బిట్టర్ ఎండ్ అంటారు. అందులో చేదేమీ లేదు, పాత ఓడల్లో తాడు చివర చుట్టే గుంజలకు బిట్స్ అని పేరు, దాన్నుంచి వచ్చింది. దాన్ని లాకర్లో గట్టి కొక్కేనికి కట్టాలని అందరికీ తెలుసు. దేనితో కట్టాలన్నదే ముఖ్యం. మరతో బిగించే ఇనుప కొలికి (షాకిల్)తో కాదు, తాడుతో. ఆ తాడు కూడా గొలుసంతా వదిలాక డెక్ పైకి వచ్చేంత పొడవుండాలి. ప్రాణం మీదికొస్తే కత్తితో ఒక్క కోత, లంగరునూ గొలుసునూ వదిలేసి పోవాలి. విండ్లాస్ మళ్లీ ఎత్తే ఓపికనిస్తుందన్నాను కదా, ఎత్తడానికి కూడా టైము లేని రోజుకు ఈ తాడు.

పెద్దాయన చెప్పిన సగం

ఇప్పుడు ఆయన వైపు నిలబడి చూస్తాను. చేత్తో లాగేవాడికి అడుగు తెలుస్తుంది. లంగరు రాయి మీద గీసుకుపోతే గొలుసులో గరగరా వణుకు, బురదలో దిగితే మెత్తటి బిగువు. మోటారు చప్పుడులో అవేమీ వినపడవు. నిజమే. కానీ ఆ వణుకు తెలుసుకోవడానికి 40 మీటర్లు చేత్తో లాగక్కర్లేదు. వేశాక, రివర్స్‌లో లాగేటప్పుడు, రోలర్‌కు ముందున్న గొలుసు మీద అరికాలు ఆనిస్తే చాలు. చక్రం దగ్గర మాత్రం కాలూ చెయ్యీ వద్దు. జిప్సీకి వేలికీ లంకెకీ తేడా తెలియదు.

ముక్కు మీద బరువు అని కూడా ఆయన అనొచ్చు. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు దాదాపు 1.4 కిలోలు, 60 మీటర్లకు 84. లంగరు ఓ 20. దాని మీద విండ్లాస్. చిన్న బోటైతే అలలో ముక్కు పొడుచుకుంటుంది. అందుకే 7, 8 మీటర్ల బోటుకు, చిన్న లంగరు, కాస్త గొలుసు, మిగతా తాడు పెట్టుకునేవాళ్లకు నేనూ విండ్లాస్ వద్దనే చెబుతాను. వాళ్ల లంగరు వాళ్లు చేత్తోనే మూడుసార్లు ఎత్తగలరు. పెద్దాయన బోటూ దాదాపు అంతే. ఆయన మాట ఆయన బోటుకు సరైనదే.

అలాగని పెద్ద మోటారు పెట్టుకోమనీ అనను. లంగరు, గొలుసు మొత్తం బరువుకు మూడింతలు లాగగలిగేది చూసుకోమని వాడుక. పైన చెప్పిన సరుకుకు 312 కిలోలు. నిజానికి 15 మీటర్ల లోతులో ఎప్పుడూ వేలాడేది 15 మీటర్ల గొలుసూ లంగరే, కలిపి 41 కిలోలు, నీళ్లలో ఇంకా తక్కువ. మిగతా గొలుసు అడుగున పడుకునుంటుంది. ఆ మూడింతలు ఎప్పుడో లోతులో గొలుసంతా వేలాడే రోజుకు, బురద పట్టిన రోజుకు. మోటారును చంపేవి మాత్రం ఇవేవీ కావు. విండ్లాస్‌తో బోటునే గాలికెదురుగా లాగడం, మట్టిలో పాతుకున్న లంగరును పీకడం, ఈ రెండే. ముందుకు నడపాల్సింది ఇంజను. గొలుసు నిటారుగా వచ్చాక, డెక్ మీద తాళ్లు కట్టే క్లీటుకు వేసేసి, లంగరును పీకాల్సింది బోటు బరువు. విండ్లాస్ పని వదులైన గొలుసును పోగు చేయడమే. రాత్రంతా బోటును దానికి వేలాడదీసి పడుకునేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. గట్టి గాలిలో గొలుసు తీగలా సాగి నిలబడ్డాక ప్రతి కుదుపూ ఇరుసుకు, గేర్లకు తగులుతుంది. ఓ నైలాన్ తాడు కొక్కెంతో గొలుసుకు తగిలించి, క్లీటుకు కట్టి, బరువు దాని మీదికి మార్చడానికి నిమిషం పడుతుంది. నైలాన్ సాగుతుంది, కుదుపు తింటుంది.

కరెంటు పోతే ఏం చేస్తావన్నది ఆయనకు మిగిలే చివరి అస్త్రం. చేతి పిడి ఉంది. ఒకసారి కావాలనే బ్రేకర్ ఆపేసి పిడితో ఎత్తి చూశాను. పది మీటర్లకు పావుగంట పట్టింది, చొక్కా పిండితే నీళ్లు. పనికొస్తుంది, ఇష్టపడి మాత్రం ఎవరూ చేయరు. దాన్ని లాకర్ అడుగున పారేయకుండా విండ్లాస్ పక్కనే క్లిప్పు పెట్టి తగిలించాను.

ఏరు దాటాక

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. లంగరు పైకొచ్చి బోటు కదిలిందంటే విండ్లాస్ కేసి ఎవడూ చూడడు. సెలవంతా అయ్యాక కవరు కప్పి పోతారు. అది ఉండేదేమో బోటు మొత్తంలో అలలు ఎక్కువగా కొట్టే చోట. నాది నిలువు ఇరుసు రకం: గొలుసు చక్రాన్ని సగం చుట్టి పోతుంది కాబట్టి పట్టు బాగుంటుంది, మోటారు డెక్ కింద ఉంటుంది. ఎండావానా తగలవు గానీ తడి గొలుసు పక్కనే కాపురం. మోటారు ఇనుప ఒంటి మీద రంగు ఎక్కడ పొక్కితే అక్కడ తుప్పు మొదలు. అడ్డ ఇరుసు రకంలో మోటారు డెక్ పైనే, బిగించడం తేలిక, అలల దెబ్బలన్నీ దానికే. రెండింట్లోనూ సుఖం లేదు, ఎటు తడవాలో ఎంచుకోవడమే.

నేను చేసేది పెద్ద పనేం కాదు. మంచినీళ్లు దొరికినప్పుడల్లా కడుగుతాను. నెలకోసారైనా మోటారుతో కాకుండా క్లచ్ వదిలి లంగరు దించుతాను, ఆ రాత్రి కదలని నట్టు గుర్తుంది కాబట్టి. ఏడాదికోసారి చక్రం ఊడదీసి, కోన్లు తుడిచి, ఇరుసు మరలకు గ్రీజు రాసి మళ్లీ బిగిస్తాను. పెద్దాయన చూసింది ఆ పనే. గేర్ నూనె చూసే గాజుబిళ్ల ఉంది, అందులో రంగు చూస్తాను. నూనె నూనెలా ఉంటే సరే, పాలు కలిపినట్టు తెల్లబడితే ఇరుసు చుట్టూ ఉన్న సీలు పోయి నీళ్లు దిగాయన్నమాట. నూనె ఒక్కటే మార్చి ఊరుకుంటే నెలలో మళ్లీ పాలే. సీలూ నూనే కలిపే మార్చాలి.

రిమోట్లు, వైర్‌లెస్‌లు, కాక్‌పిట్‌లో కూర్చునే గొలుసెంత పోయిందో చూపించే మీటర్లు, అన్నీ బాగున్నాయి. గొలుసు మీటరు నేనూ పెట్టుకున్నాను. జిప్సీలో ఓ అయస్కాంతం, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కేస్తుంది. అయినా గొలుసు మీద ప్రతి 10 మీటర్లకూ రంగు పూయడం మానలేదు.

పోయిన నెల మళ్లీ అలాంటి గడ్డి చోటే తగిలింది. మొదటిసారి జారింది. రెండోసారి కాస్త పక్కకు జరిగి వేశాం, అక్కడా అదే. చీకటి పడుతోంది, సన్నగా చినుకులు. చుక్కాని దగ్గర్నుంచి "మళ్లీనా?" అని అడిగిన గొంతులో విసుగు లేదు, మామూలుగా అడిగిందంతే. బటన్ నొక్కాను. మూడోసారి ఇసుక మచ్చ మీద పడింది, రివర్స్‌లో లాగితే బోటు ముక్కు వంచి నిలబడిపోయింది. మొత్తం పావుగంట. కొంచెం అవతల పెద్దాయన ఒకే వేటుకు వేసేసి, కాక్‌పిట్‌లో దీపం పెట్టుకుని కూర్చున్నారు. రాత్రి రెండింటికి నేను లేచి చూసినా ఆ దీపం వెలుగుతూనే ఉంది. పొద్దున్న అడిగితే, లంగరు మీద అనుమానంతో కాపలా కూర్చున్నానన్నారు. "నిద్రపోయే నీకంటే కూర్చున్న నాకే సముద్రం బాగా తెలుసు" అని కూడా అన్నారు. దీనికీ జవాబు అప్పటికప్పుడు తట్టలేదు, ఇప్పటికీ తట్టలేదు.

దించే వైపు, కాలితో నొక్కే స్విచ్ రబ్బరు మూత ఎండకు చిట్లింది, మొన్న విప్పినప్పుడు చూశాను. లోపల ఇంకా తడి చేరలేదు. చేరితే దానంతటదే మోటారు తిప్పగలదు, ఎవరూ నొక్కకుండానే. కొత్త మూత వచ్చేదాకా దాని మీద ఓ డబ్బా బోర్లించి టేపు వేశాను, బ్రేకర్ ఆపి ఉంచాను.